పక్క మునుం

వజ్రమ్మ చేతిల ఒక గడ్డిపరక పెట్టి "గిదేందో చెప్పు" అంటే చెప్తది. ఉత్తగ చెప్పది, మనల్ని నాలుగు తిట్టి చెప్తది. "గింత పెద్దగైనవు, గిది తెల్వదా? బువ్వ తింటున్నవా, గడ్డి తింటున్నవా?" అంటది. అనుకుంటనే ఆమె బొటనవేలి గోరు ఆకు మొదట్లకు పోతది. ఆకు కాడను ఇడిసిపెట్టి పక్కకు ఒంగే జాగ ఒకటుంటది సూడుండ్రి, గా కీలు కాడ గోరుతోని మెల్లగ గీరుతది. వరికైతే గక్కడ తెల్లటి పల్సటి పొర ఒకటి నిలబడి ఉంటది. దాన్ని నాలుక అంటరు. నాలుకకు అటొకటి ఇటొకటి నూగునూగుగ వంకర కొండ్లుంటయి, గవి చెవులు. వరిల కలుపుగ మొలిచే ఊద గడ్డికి నాలుక లేదు, చెవుల్లేవు. గంతే తేడా. ఆకు, కాడ, పిలకలు పెట్టుడు, ఆఖరికి గాలికి ఊగుడు సుత ఊద అచ్చం వరి తీరే ఉంటది. వరికేసిన ఎరువు తింటది, వరికి పెట్టిన నీళ్లు తాగుతది, వరి కోతకు రాకముందే తన గింజ తాను రాల్చుకుంటది.

"నాలుక లేనిది దొంగ." గీ మాట వజ్రమ్మది కాదు, ఆమె అత్త సత్తవ్వది. పెండ్లయి కొత్తగ వచ్చినప్పుడు వజ్రమ్మ ఊద అనుకొని మూడు వరి మొదళ్లు పీకింది. అత్త గా వరి కట్టతోనే చేతి మీద ఒక్కటిచ్చింది. అటెన్క ఒడ్డు మీద కూసోబెట్టి చదువు చెప్పింది. గడ్డి జాతిల పుట్టినదానికి కణుపుకు ఒక్కటే ఆకు. ఆకు అడుగు కాడను సుట్టుకొని పైదాక పోతది. కాడ లోపల బోలు, కణుపు కాడ గట్టి. వేర్లకు పెద్దా చిన్నా లేదు, అన్ని ఒక్క తీరు పీచు. మొలిచేటప్పుడు ఒంటాకుతోనే మొలుస్తది. పప్పు జాతి గట్ల కాదు. పెసర, కంది, బొబ్బెర, ఏదన్న కానీ, గింజ రెండు బద్దలైతది, రెండాకులతోని పుడతది. నడిమిట్ల ఒక తల్లి వేరు సక్కగ కిందికి దిగుతది. ఒక్కో కాడకు మూడేసి ఆకులు. వేర్లకు చిన్న చిన్న బుడిపెలుంటయి. బుడిపెను గిల్లి సూడాలె, లోపల ఎర్రగుంటే చెట్టు నేలకు బలం తెస్తున్నట్టు, తెల్లగుంటే ఉత్తగ కూసొని తింటున్నట్టు. "మనుషులను సుత గట్ల గిల్లి సూసే ఈలుంటే ఎంత మంచిగుండు" అనేది సత్తవ్వ. ఆమెకు నోరు ఎక్కువ. కోడలుకు చదువుతోపాటు నోరు సుత ఆమె కాడికెల్లే వచ్చింది.

వజ్రమ్మ ఊరు కోరుట్లకు ఆటోల పావుగంట. ఇప్పుడు ఆమెకు యాభై ఎనిమిది. ఒకప్పుడు పద్నాలుగు మంది ఆడోళ్ల జట్టు. కలుపుకు పోతే మునుం పట్టుడు ఒక కట్టుబాటు. మునుం అంటే, పొలంల ఒక్కో మనిషి ముందట పడే పట్టీ. ఒడ్డు నుంచి ఒడ్డు దాక ఎవరి మునుం వాళ్లే తీసుకుంట పోవాలె. నాట్ల మొదటి దినం ఎవరు ఎవరి పక్కన నిలబడితే ఇగ గదే వరస. ఏండ్లకేండ్లు గట్లనే. పక్క మనిషితోని మాట పడకున్నా, మొకం మొకం సూసుకోకున్నా, వరస మారొద్దు. వరస మారితే జట్టు ఇచ్చుకపోతదని అంటరు.

తర్వాత గడ్డి మందులొచ్చినయి. ఒక్క మొగాయన డబ్బా ఈపుకు కట్టుకొని పద్నాలుగు మంది పని పొద్దటికెల్లి పన్నెండుదాక చేసి ఇంటికి పోయిండు. జట్టుల ఎనిమిది మంది బీడీలకు కూసున్నరు. ఉన్న ఆరుగురికి విత్తనం పొలాలే దిక్కు. విత్తనం కోసం పండించే వరిల ఒక్క ఊద గింజ కలిసినా కంపెనీ సారు తీసుకోడు, అందుకని రైతు మందు కొట్టినంక సుత మనుషులను పెట్టి ఏరిస్తడు. మందుకు చావని ఊద మనిషి చేతికే చస్తది. గిది జట్టోళ్లు గర్వంగ చెప్పుకునే మాట.

మూడేండ్ల కింద వజ్రమ్మ కండ్లకు పొర కమ్ముడు మొదలైంది. ముందుగాల బల్బు సుట్టూత రంగుల గుండ్రాలు కనపడ్డయి. తర్వాత సూది బెజ్జం పోయింది. ఒకనాడు పొలంల ఒక పరక అందుకొని కీలు కాడ సూస్తే నాలుక లేదు. ఇంకోటి పట్టింది, దానికీ లేదు. పొలం పొలమంతా ఊదే అయిందా అని గుండె జల్లుమన్నది. గోరుతోని గీరి సూస్తే అన్నిటికి నాలుకలున్నయి, ఆమెకే కనపడుత లేవు.

ఎవ్వలకు చెప్పలె. ఆ దినం నుంచి గోటితోనే పని. పెసర చేన్ల ఆమెకు కండ్ల పనే లేదు. మూడాకులు చేతికి తగులుతయి, కాయ మీది నూగు తగులుతది, దాంట్ల కలుపుగ మొలిచే పిల్లిపెసర ఆకైతే గాట్లు పడి ఉంటది, కండ్లు కట్టుకొని సుత తీస్తది. వరి కాడనే తంటా. ఒక్కో మొదలు పట్టుకొని గీరుకుంట కూసుంటే మునుం ఎప్పుడు తెగుతది? అందరు అవతలి ఒడ్డుకు పోతరు, ఈమె నడిమిట్ల ఉంటది. అందుకని తోచినకాడికి గీరుతది, తోచనికాడ దేవునికి ఇడిసిపెడతది. అయినా చిత్రం, ఏ రైతూ ఒక్క మాట అనలె. "ఎంతైనా నా చెయ్యి నా చెయ్యే" అనుకునేది. మురిసిపోయేది సుత.

మరి ఎందుకు దాస్తుంది అంటే, జట్టు పోతే ఆమెకు ఇంకేం లేదు. ఉన్నమాట చెప్తున్న. మొగడు రాజం ఒకప్పుడు తాళ్లెక్కి కల్లు గీసెటోడు, మస్కట్ పోయిండు, మూడేండ్లు ఫోన్లు చేసిండు, తర్వాత బంజేసిండు. చచ్చిండన్న కబురు లేదు, బతికిండన్న కబురు లేదు. బొట్టు తీయాల్నా ఉంచాల్నా అని ఏడాది ఆలోచించి, ఉంచుకున్నది. ఒక్క బిడ్డ, వసంత, మొగనితోని భివండిల బట్ట నేసే సాంచెల కాడ ఉంటది. అడిగితే వస్తది, కానీ వస్తే ఆమె కూలి పోతది, పిల్లల బడి పోతది. వజ్రమ్మ అడగది. పని లేని దినం ఇంట్ల టీవీ పెట్టుకొని దానికి ఈపు పెట్టి కూసుంటది. బొమ్మ ఎట్లాగూ కనపడది, ఒక మనిషి గొంతు ఇనపడుతది గదా అని. నాలుగు దినాలు వానపడి పని బందైతే, అయిదో దినం జట్టుల మాట్లాడబోతే గొంతు పెగలది. ముందుగాల దగ్గాలె.

ఒక్కపాలి జగిత్యాలకు పోయింది, కంటి క్యాంపు పెట్టిండ్రంటే. ఎవ్వలకు చెప్పకుంట, ఆధార్ కార్డు సూపెట్టి బస్సెక్కి, లైన్ల నిలబడ్డది. డాక్టరమ్మ లైటు పెట్టి సూసి "రెండు కండ్లకు మోతిబిందు ఉందమ్మా, ఆపరేషన్ చేసి పొర తీస్తే మంచిగ కనపడుతది, పైస ఖర్చు లేదు" అన్నది. వజ్రమ్మ పాణం లేచొచ్చింది. అవతల కాగితాలు రాసే పిల్ల పేరడిగింది, ఊరడిగింది, వయసడిగింది. అడిగి, తల ఎత్తకుంటనే "తోడు ఎవరు?" అన్నది.

"తోడెందుకు? కన్ను నాది గదా."

"ఒక రాత్రి ఉండాలె అమ్మా. ఒక మనిషి ఉండాలె పక్కన. పేరు చెప్పు, రాసుకుంట."

వజ్రమ్మ ఎనుకకు తిరిగి సూసింది. లైన్ల అందరి పక్కన ఎవరో ఒకలున్నరు. ఒక ముసలాయనకైతే ఇద్దరున్నరు. "బయట ఉన్నరు, పిలుచుకొస్త" అన్నది. బయటకొచ్చింది. గేటు దాటింది. బస్టాండుదాక నడిచి కోరుట్ల బస్సెక్కింది. బస్సుల కిటికీ దిక్కు మొకం పెట్టి ఏడ్సింది. పక్క సీట్ల ఉన్నామె "ఏమైందవ్వా" అంటే "కండ్ల కలక" అన్నది.

ఇగ ఐలవ్వ సంగతి చెప్పాలె.

జట్టుల వజ్రమ్మకు ఎడమ పక్క మునుం ఐలవ్వది. ఈమెకన్న ఆరేండ్లు చిన్న. పెండ్లయి ముప్పయేండ్లాయె, పిల్లలు కాలె, మొగడు పోయిండు. ఒకప్పుడు ఇద్దరు ఒక్క సద్దిగిన్నెల తిన్నోళ్లు. పదకొండేండ్ల కింద ఒకనాడు సమ్మయ్య పొలంల కలుపు తీస్తున్నరు. వజ్రమ్మ మాటల మీదుండి ఒక మొదలు పీకి "ఊద" అని ఒడ్డు మీదికి ఇసిరింది. ఐలవ్వ దాన్ని తీసి సూసి, అందరి ముందట, నవ్వుకుంటనే "అక్కా, గిది వరి. నాలుకుంది సూడు" అన్నది. జట్టంతా గొల్లుమన్నది. రైతు సమ్మయ్య ఒడ్డు మీదనే ఉన్నడు, ఆయన సుత నవ్విండు.

వజ్రమ్మ ఆ మొదలు గుంజుకొని సూసింది. సూసి, ఏమన్నదో తెలుసా? "ఊదనే. పూత రాలిపోయేదానివి, ఒక్క కాయ కట్టనిదానివి, పైరు సంగతి నాకు నేర్పుతవా?"

నవ్వులన్ని టక్కున ఆగినయి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఉత్తగ అనలె. ఐలవ్వ ఆ మొదలు మల్ల చేతిలకు తీసుకున్నది, అది పీకిన జాగల్నే బురదల పెట్టింది, మడమతోని రెండుపాల్లు ఒత్తింది. తన మునుం తాను తీసుకుంట పోయింది. ఆ దినం నుంచి వజ్రమ్మతోని ఒక్క మాట లేదు.

పదకొండేండ్లు! పక్కపక్కన, మూరెడు దూరంల, వంగిన నడుముతోని. నీళ్ల డబ్బా ఇయ్యాలంటే ఐలవ్వ అవతలామెకు ఇచ్చేది, అవతలామె సుట్టు తిరిగొచ్చి వజ్రమ్మకు ఇచ్చేది. పాము కనపడితే "అగో పాము" అని గాలికి చెప్పేది. మొదట్ల వజ్రమ్మ సుత పంతానికే పోయింది. మొండోడు రాజుకన్న బలవంతుడు, ఇక్కడ ఇద్దరు మొండోళ్లాయె. తర్వాత తర్వాత, చెప్పాలె చెప్పాలె అనుకునేది. ఇయ్యాల ఒడ్డెక్కినంక చెప్త అనుకునేది. ఒడ్డెక్కినంక ఐలవ్వ కాళ్లు కడుక్కొని ముందట పోయేది. గట్ల ఏండ్లు పోయినయి.

మొన్న శ్రావణంల, ఒడ్డు మీద నడుస్తనే ఐలవ్వ కాలు జారింది. మడమ కాడ ఎముక ఇరిగింది. తమ్ముడు ఓదెలు ఎల్లంతకుంట నుంచి ఆటో తీసుకొచ్చి అక్కను తీసుకపోయిండు. ఆటో ఎక్కించేటప్పుడు జట్టంతా అక్కడుంది. వజ్రమ్మ సుత ఉంది, అందరికన్న ఎనుక. అందరు తలోమాట చెప్పిండ్రు, ఈమె నోరు లేవలె. మాటలకు ఎన్నడు తక్కువ పడని నోరు!

వారం తిరిగింది. సమ్మయ్య విత్తనం పొలంల పని. ఎడమ దిక్కు ఐలవ్వ మునుంలకు జట్టు పెద్ద శోభ జరిగింది. పని ఒడిసిన నాలుగో దినం సమ్మయ్య జట్టును మల్ల పిలిచిండు. పిలిచి ఒడ్డు మీద నిలబెట్టి "గిదేంది?" అన్నడు. పొలం నడుమ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాక ఒక పట్టీ, దాంట్ల ఊద ఎక్కడికక్కడ లేచి నిలబడ్డది. మిగతా పొలం దువ్వినట్టుంది. "గీ మునుం ఎవరిది? కంపెనీ సారు సూస్తే నా పంట వాపస్ పోతది."

అందరికి తెలుసు ఎవరిదో. వజ్రమ్మకు సమ్మయ్య చెయ్యి ఎటు సూపెడుతుందో సుత మంచిగ కనపడ్త లేదు. "ఎవరిదే శోభా గది?" అని ఈమెనే అడిగింది, కోపంగ.

శోభ ఈమెను చెయ్యి పట్టి పక్కకు తీసుకపోయింది. "పెద్దమ్మా, గది నీదే."

"నాదా? నా మునుంల ఎన్నడన్న ఒక్క ఊద ఉన్నదానే?"

"మూడేండ్ల సంది ఉంటున్నయి పెద్దమ్మా. ఐలవ్వ తీసేది. తన మునుం తీసుకుంటనే ఎడమ చేత్తోని తనది, కుడి చేత్తోని నీది. నువ్వు ముందటికి పోంగనే ఎనుకంగ ఒక సూపు సూసేది. మాకందరికి ఎరుకే. చెప్తే ఊకోనని ఒట్టు పెట్టింది."

శోభ మంచిపిల్లనే, మెత్తగనే చెప్పింది. కండ్లు సూపెట్టుకో, మంచిగైనంక రా, అప్పటిదాక రైతులతోని మాటొస్తది అన్నది. తప్పేమన్నది? కానీ వజ్రమ్మకు ఒకటే ఇనపడ్డది, రావొద్దని. జట్టు ఆ పట్టీ మల్ల ఏరెటందుకు పొలంల దిగింది. ఈమె చెప్పులు చేత పట్టుకొని ఇంటికి పోయింది. పొద్దటిపూట ఊర్లె ఎవ్వలుండరు. ఇంట్లకు పోయి టీవీ పెట్టలె. మంచం కోడు పట్టుకొని కూసున్నది, పొద్దుగూకేదాక.

మూడు దినాలు గట్లనే. నాలుగో దినం ఎనుక వాకిట్ల ఏసుకున్న పెసర చెట్ల కాడికి పోయి కాయ తెంపింది. నల్లబడ్డవి కొన్ని, పచ్చివి కొన్ని, సంచి నింపింది. కోరుట్ల నుంచి వేములవాడ, వేములవాడ నుంచి సిరిసిల్ల, సిరిసిల్ల నుంచి ఎల్లంతకుంట. మూడు బస్సులు. బోర్డు కనపడక ప్రతి బస్టాండ్ల "గీ బస్సు యాడికి పోతది బిడ్డా" అని అడగాలె. వేములవాడల గుడికొచ్చినోళ్ల గుంపు నడుమ కొద్దిసేపు ఎటు పోవాల్నో తెల్వక స్తంభం పట్టుకొని నిలబడ్డది. ఒక్కొక్కరి పక్కన పదిమంది ఉన్నరు ఆడ. పిలుసుకుంటున్నరు, తప్పిపోయినోళ్లను తిట్టుకుంటున్నరు. తప్పిపోతే తిట్టెటోడన్న ఉండాలె గదా మనిషికి అనుకున్నది.

ఓదెలు ఇంటి అరుగు మీద ఐలవ్వ సిమెంటు పట్టి కాలు సాపుకొని కూసొని ఉంది. వజ్రమ్మ వాకిట్ల నిలబడ్డది. సంచి ముందట పెట్టి, తాను సుత అరుగు మీద కూసున్నది. ఐలవ్వ సంచిలకు చెయ్యి పెట్టి ఒక కాయ తీసింది. ఒత్తింది. రెండు బద్దలు ఇచ్చుకున్నయి, గింజలు ఒడిల పడ్డయి. ఇద్దరు ఒలుసుకుంట కూసున్నరు. ఐలవ్వ చేతికి ఒక ఉత్త కాయ వచ్చింది, లోపల గింజ కట్టలె. దాన్ని సూసి పక్కకు పెట్టింది. వజ్రమ్మ మొకం కిందికేసుకున్నది. తప్పయిందని చెప్పెటందుకే వచ్చింది. బయటపడింది మాత్రం ఇంకోటి.

"నా మునుం నువ్వెందుకు తీసినవే?"

పదకొండేండ్ల తర్వాత ఐలవ్వ నోరిప్పింది. "నీ దాంట్ల ఊద కంకి ఏస్తే గింజ నా దాంట్లనే గదా రాలేది."

"పొలం నీదా?"

"కాదు."

తాడిచెట్టు ఎందుకెక్కినవురా అంటే దూడగడ్డి కోసం అన్నడట ఎనుకటికి ఒకడు. వజ్రమ్మకు నవ్వొచ్చింది, నవ్వబోతే ఏడుపొచ్చింది. ఐలవ్వ ఆమె దిక్కు సూడకుంటనే ఒలుసుడు సాగించింది.

"కండ్లు ఎందుకు సూపెట్టుకోవు? మూడేండ్ల సంది సూస్తున్న, గోటితోని గీరుతున్నవు."

"పోయిన. తోడు ఎవరని అడిగిండ్రు." గీ మాట వజ్రమ్మ ఎవ్వలకు చెప్పలె, బిడ్డకు సుత చెప్పలె. "చెప్పేటందుకు ఒక్క పేరు దొరకలె ఐలవ్వా."

ఐలవ్వ ఇంకో కాయ తీసి ఒత్తింది.

"నా పేరు రాయించు" అన్నది ఐలవ్వ.

"కాలిరిగి కూసున్నవు, నువ్వేడ వస్తవు?"

"బెంచి మీద కూసునెటందుకు కాలెందుకే?"

సిరిసిల్లల కంటి దవాఖానకు ఓదెలు ఆటోలనే పోయిండ్రు. ఐలవ్వ సంక కర్ర ఏసుకొని, ఒక్క కాలు మీద ఎగురుకుంట వచ్చి, బెంచి మీద పట్టి కాలు సాపి కూసున్నది. ఆ కాలు సూసి పేషంటు ఎవరో తోడు ఎవరో సమజ్ గాక కాగితాలు రాసే అమ్మాయి ముందుగాల ఐలవ్వ పేరే రాసుకున్నది. కొట్టేసి మల్ల రాసింది.

"తోడు ఎవరు?"

"ఐలవ్వ" అన్నది వజ్రమ్మ. జర గట్టిగనే అన్నది, లైన్ల ఉన్నోళ్లు ఎనుకకు తిరిగి సూసిండ్రు.

"నీకేమైతది?"

వజ్రమ్మ లోపల లెక్కేసుకున్నది. అక్కా చెల్లెనా? కాదు. సోపతా? పదకొండేండ్లు మాట లేదు. బెంచి మీదికెల్లి ఐలవ్వ అన్నది, "పక్క మునుం."

"గదేందమ్మా?"

"నువ్వు రాసుకో బిడ్డా, ఏదో ఒకటి" అన్నది ఐలవ్వ. ఆ అమ్మాయి చెల్లె అని రాసుకున్నది.

ఆపరేషన్ అయింది. ఒక కంటికి పట్టి కట్టి పండుకోబెట్టిండ్రు. మెలకువ వచ్చినప్పుడల్లా వజ్రమ్మ చెయ్యి పక్కకు జాపేది. సంక కర్ర తగిలేది, మల్ల పండుకునేది.

తెల్లారి పట్టి ఇప్పిండ్రు. ముందుగాల ఎలుగు పొడిచినట్టైంది. తర్వాత గోడ కనపడ్డది, గోడ మీది పగులు కనపడ్డది. ఎదురుంగ ఐలవ్వ కనపడ్డది. జుట్టు సగం తెల్లబడ్డది. గీమె ఎప్పుడు గింత ముసల్దైంది అనుకున్నది వజ్రమ్మ. మూడేండ్లు కనపడక సూడలె, అంతకుముందు ఎనిమిదేండ్లు కనపడి సూడలె.

ఐలవ్వ కొంగు ముడి ఇప్పింది. లోపల తడిబట్ట సుట్ట. బట్ట ఇప్పితే, తమ్ముని పొలంల నుంచి తెప్పించిన ఒక్క పిలక, వేర్ల మట్టితోని. వజ్రమ్మ చేతిల పెట్టింది.

"గిదేందో చెప్పు."

వజ్రమ్మ తిట్టలె. గోరు పెట్టి గీరలె. కీలు కాడ సూసింది. తెల్లటి నాలుక నిలబడి ఉంది. ఇటొక చెవి, అటొక చెవి, వాటి నూగు సుత ఎంచొచ్చు. సూసుకుంట ఉండిపోయింది.

"వరి" అన్నది. అని ఆగలె. "గా దినం సుత గది వరే ఐలవ్వా. అప్పుడు నా కండ్లు మంచిగనే ఉండె. గుంజుకొని సూసినప్పుడే కనపడ్డది నాలుక. సూసి సుత ఊద అన్న. అందరు నవ్విండ్రని అన్న. నిన్ను గంత మాటన్న. అనొద్దుండె, నా నోరు పడిపోను."

"నాకెరుక" అన్నది ఐలవ్వ. "సూసినవని ఎరుక. గందుకే గంత గుచ్చుకున్నది. ఇప్పటికీ గుచ్చుతది."

వజ్రమ్మ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "ఏడ్వకు, కన్ను కరాబైతది" అని ఐలవ్వ కసిరింది. కసిరి, ఆమె చేతిలికెల్లి పిలకను తీసుకున్నది, మట్టి రాలకుంట తడిబట్టల సుట్టింది, మల్ల కొంగున ముడేసుకున్నది.

"ఇంకేం చేస్తవే దాన్ని?" అన్నది వజ్రమ్మ.

"తీసుకపోయి దాని జాగల నాటుత. వరి గదా, పారేస్తమా?" అన్నది ఐలవ్వ.